కస్తూరికి ఊరు చూపించలేదు

జహీరాబాద్,
12-2-1961

పూజ్యులైన సిద్దప్ప మామకు, మేనల్లుడు బస్వరాజ్ శరణార్థులు.

ఈ ఉత్తరం అందగానే అత్తకు కూడా చదివి వినిపించండి. నా పెళ్లి కుదిరింది. పిల్ల పేరు తారాబాయి. ఈ ఊరి సంగప్ప గారి మనుమరాలు. తండ్రి చిన్నప్పుడే పోతే తాతే పెంచాడు. సంగప్ప గారి పేరు మీరూ వినే ఉంటారు. నిజాం కాలంలో ఆయన వాకిట్లో ఎప్పుడూ గుర్రాలు కట్టేసి ఉండేవట. ఇప్పుడు గుర్రాలు లేవు, కొట్టం మిగిలింది, అందులో అల్లం బస్తాలు పెట్టుకున్నారు. అయినా ఆయన మనిషిని చూసే పద్ధతి మారలేదు. నా చదువెంత, తాలూకా కచేరీలో నా జీతమెంత అని ఒక్క మాట అడగలేదు. "గుర్రమెక్కుతవా పటేలా?" అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు కానీ, జవాబు వినేదాకా తాంబూలం ముట్టలేదు.

పెళ్లి వైశాఖంలో. మా ఇంటి నుంచి ఊరేగింపు బయలుదేరి గంజ్ బజారు దాటి, బొంబాయి సడక్ దాటి, రైలు ఫాటక్ అవతల ఉన్న వాళ్ల ఇంటికి పోవాలి. నన్ను గుర్రం మీద తీసుకుపోవాలని నాన్న పట్టుదల. గుర్రమంటే నాకు మీ కస్తూరి తప్ప మరొకటి కళ్ల ముందుకు రాదు. సెలవులకు వచ్చినప్పుడు దాని తల్లి మీద నన్ను ముందు కూర్చోబెట్టుకొని ఝరాసంగం జాతరకు తీసుకుపోయేవారు. జూలు పట్టుకొమ్మంటే నేను భయంతో మీ చేయి పట్టుకునేవాణ్ణి. అవన్నీ గుర్తున్నాయి.

ఆ ఒక్క సాయంత్రానికి కస్తూరిని పంపితే చాలు. అమ్మ మీ ఆరోగ్యం అడిగింది.

మీ
బస్వరాజ్

రాయికోడ్,
20-2-1961

చిరంజీవి బస్వరాజ్‌కు మామ సిద్దప్ప దీవెనలు.

ఉత్తరం మీ అత్త పార్వతమ్మకు రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో కళ్లు తుడుచుకుంది. రెండోసారి మధ్యలో ఆపి, "పిల్ల ఎట్లుంటదో ఒక్క ముక్క రాయలే, తాత ముచ్చటే రాసిండు. పెళ్లి తాతతోనా?" అని అడిగింది. దీనికి జవాబు నువ్వే రాయి. నా అక్షరాలు కన్నడం లాగా గుండ్రంగా ఉన్నాయని నవ్వకు. మఠంలో నేర్చుకున్న చేయి ఇంతకన్నా తిరగదు.

కస్తూరి నీది కాక ఎవరిది? ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుపో. కానీ ఒక మాట చెవిన వేసుకో. అది పుట్టినప్పటి నుంచి మా జొన్న చేన్లు, రేగడి బాట, ఝరాసంగం దారి తప్ప ఇంకేమీ చూడలేదు. లారీ ముఖం చూడలేదు. బ్యాండు వినలేదు. రైలు కూత దానికి ఏ పులి అరుపో అనిపిస్తుంది. ఇక్కడ చంటిపిల్లను ఎక్కించినా కదలని గుర్రం, అక్కడ ఇంకో గుర్రం అయిపోతుంది. ముందు గుర్రానికి ఊరు చూపించాలి, తర్వాతే ఊరికి గుర్రాన్ని చూపించాలి. అందుకని పెళ్లికి పది పదిహేను రోజుల ముందే దాన్ని తీసుకొని నేను వస్తాను. పొద్దున్నా సాయంత్రం ఆ దారెంట నడిపిస్తాను. లారీ ఆగి ఉంటే దగ్గరికి తీసుకుపోయి వాసన చూపిస్తాను. వాసన చూసినదానికి గుర్రం సగమే భయపడుతుంది.

అప్పటికీ ఊరేగింపులో బెదిరితే ఏం చేయాలో విను. పగ్గం గుంజకు. అరవకు. నీ గుండె ఎట్లా కొట్టుకుంటుందో దానికి నీ తొడల కింద తెలిసిపోతుంది. అది దేనికి బెదిరిందో దాని వైపే మెల్లగా ముఖం తిప్పి చూడనివ్వు. చూసిన కొద్దీ చల్లబడుతుంది. చల్లబడకపోతే దిగు. దిగి భుజం పక్కన నిలబడి మెడ మీద చేయి వేయి. దిగడానికి సిగ్గుపడకు. పడిపోతే ఇంకా సిగ్గు.

పెళ్లికొడుకు కాలు పిల్ల గడప దాకా నేలకు తగలొద్దు కదా అంటావు. అది నాకూ తెలుసు. నా భుజం మీద నల్ల కంబళి ఉంటుంది. దాన్ని పరుస్తా, దాని మీద దిగుదువు. ఆచారమూ మిగులుతుంది, నీ నడుమూ మిగులుతుంది.

మామ
సిద్దప్ప

జహీరాబాద్,
9-3-1961

పూజ్యులైన మామకు శరణార్థులు.

మీరు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకున్నాను. అయితే పది పదిహేను రోజుల ముందు కస్తూరిని తేవడం ఇక్కడ కుదిరేలా లేదు. మా ఇంట్లో కట్టేసే చోటు లేదు, వాకిలంతా పందిరి గుంజలతో నిండింది. పైగా పెళ్లికి ముందే గుర్రాన్ని వీధుల్లో తిప్పితే ఆ రోజు ముచ్చట ఉండదని నాన్న అంటున్నాడు. ముందు రోజు వస్తే చాలు.

ఇంకొక సంగతి. ఎట్లా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను. ఊరేగింపులో మీరు గుర్రం ముందు నడవకండి. టాంగా తోలే రామ్‌కిషన్‌కు చెప్పాం, పగ్గం అతను పట్టుకుంటాడు. మీరు పెళ్లికొడుకు మామ. రుమాలు చుట్టుకొని వెనక పెద్దలతో రావడం మీకు మర్యాద. అంతకు మించి వేరే ఉద్దేశం లేదు. అన్యథా భావించవద్దు.

అత్తకు చెప్పండి, తార చామనఛాయ, తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడినప్పుడు మాత్రం ఎదుటివాడి కళ్లలోకి చూస్తుంది.

మీ
బస్వరాజ్

రాయికోడ్,
18-3-1961

చిరంజీవి బస్వరాజ్‌కు దీవెనలు.

సరే. కస్తూరిని మా జీతగాడు ముందు రోజు నడిపించుకొని వస్తాడు. నేనూ అత్తా బస్సులో వస్తాం. మర్యాద కోసం వెనక నడవమన్నావు కాబట్టి కొత్త ధోవతి కొన్నాను. యాభై ఏళ్లకు మర్యాద నేర్పే అల్లుడు దొరకడం అదృష్టమే.

టాంగా గుర్రం వేరు, ఇది వేరు. టాంగా గుర్రానికి కళ్ల పక్కన గంతలుంటాయి, అది లోకాన్ని చూడదు. కస్తూరి అన్నీ చూస్తుంది. రామ్‌కిషన్‌కు కొరడా ఇంట్లో పెట్టి రమ్మని చెప్పు.

కంబళి మాత్రం నా వెంట తెస్తాను. వెనక నడిచేవాడికి కంబళి ఉండొద్దని నీ మర్యాదలో లేదు కదా.

మామ
సిద్దప్ప

జహీరాబాద్,
2-6-1961

మామకు,

శరణార్థులు అని రాయడానికి కూడా చేయి ఆడటం లేదు. పెళ్లై నెల దాటింది. ఈ నెలంతా ఉత్తరం రాయాలని కూర్చోవడం, తేదీ వేసి లేవడం. జరిగింది మీరు నేల మీద నిలబడి చూశారు. నేను పైన కూర్చొని ఉన్నాను. పైన ఏం జరిగిందో మీకు తెలియాలి.

సంగప్ప గారు మొదటి రోజు గుర్రమెక్కుతావా అని అడిగినప్పుడు, ఎక్కుతాను అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఇంట్లో గుర్రం ఉందని, ఆదివారాలు ఝరాసంగం దాకా పోయి వస్తానని చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నాన్న కూడా ఔనన్నాడు. ఇక ఆ మాటను కాపాడుకోవడమే నా పని అయింది. మీరు రోజూ కస్తూరిని ఊళ్లో తిప్పితే అది ఎవరి గుర్రమో ఊరికి తెలిసిపోతుంది. అందుకే ముందు తేవద్దన్నాను. అందుకే మిమ్మల్ని వెనక నడవమన్నాను. చోటు లేకపోవడం, మర్యాద, అన్నీ అబద్ధాలు.

సడక్ దగ్గర లారీ హారన్ కొట్టగానే కస్తూరి చెవులు వెనక్కి పోయాయి. నా కింద దాని ఒళ్లంతా వణికింది. మీరు రాసిన మాటలన్నీ అక్షరం తప్పకుండా జ్ఞాపకం వచ్చాయి. పగ్గం గుంజకు అని జ్ఞాపకం వచ్చింది, గుంజాను. దిగు అని జ్ఞాపకం వచ్చింది, దిగలేదు. ఆదివారాలు స్వారీ చేసేవాడు బెదిరిన గుర్రం దిగితే ఎట్లా? ఎదుర్కోలుకు వచ్చిన సంగప్ప గారు అటు పక్క దుకాణం అరుగు మీద నిలబడి చూస్తున్నారు. రామ్‌కిషన్ కొరడా తీశాడు. అది ముందు కాళ్లు లేపింది. నేను జూలు పట్టుకున్నాను, మామా. చిన్నప్పుడు మీ చేయి పట్టుకున్నట్టు.

అప్పుడు మీరు జనంలోంచి వచ్చారు. రామ్‌కిషన్‌ను పక్కకు నెట్టి, కంబళి నేల మీద పరిచి, "దిగు బిడ్డా, ఏం కాదు" అన్నారు. సంగప్ప గారు అరుగు మీద నుంచి "ఎవరాయన?" అని అడిగారు.

"మా గుర్రం చూసేటోడు" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఎవరూ నేర్పలేదు. మీరు ఒక్కసారి తలెత్తి నన్ను చూశారు. తర్వాత ఆయన వైపు తిరిగి, "అవును దొరా, నేనే చూస్త" అన్నారు. కంబళి మడిచి భుజాన వేసుకొని, కస్తూరి మెడ మీద చేయి వేసి, ఆ లారీ వైపే దాని ముఖం తిప్పారు. డ్రైవరుతో ఇంజను బంద్ చేయించారు. బ్యాండు ఆపించారు. అది లారీ మడ్‌గార్డు వాసన చూసి తల దించేదాకా ఊరంతా నిలబడింది. ఆ తర్వాత ఫాటక్ దాటి గడప దాకా మీరు పక్కనే నడిచారు. మీరు కుంటుతున్నారని నేను చూశాను. అడగలేదు.

గడప దగ్గర పిల్ల తరపు వాళ్లు మేనమామకు జరీ రుమాలు చుట్టాలి. ఆ రుమాలు పళ్లెంలోనే ఉండిపోయింది. మామ ఏడని ఎవరో అడిగితే, ఒంట్లో బాగాలేక రాలేదని నాన్న చెప్పాడు. సంగప్ప గారు నౌకర్లకు ఇచ్చే తువ్వాల ఒకటి తీసి మీ భుజం మీద వేసి, "మంచిగ పట్టినవ్ రా" అన్నారు. మీరు వంగి సలాం చేశారు. అమ్మ ఆడవాళ్లలో నిలబడి అదంతా చూసింది. మీరు, అత్త భోజనం చేయకుండానే వెళ్లిపోయారని మరునాడు తెలిసింది.

అమ్మ నాతో మాట్లాడుతుంది. నా ముఖం చూసి మాత్రం మాట్లాడదు. నాకు అద్దంలో చూసుకోవాలన్నా సిగ్గుగా ఉంది. క్షమించమని అడగడానికి మాటలు వెతికాను, దొరకలేదు.

బస్వరాజ్

రాయికోడ్,
15-6-1961

చిరంజీవి బస్వరాజ్‌కు దీవెనలు.

నీ ఉత్తరం ఒక్కడినే చదువుకున్నాను, అత్తకు చదవలేదు. అరుగు మీద నుంచి అడిగిందీ, నువ్వు చెప్పిందీ ఆమె వినలేదు, ఆడవాళ్ల వెనక ఉంది. నాకు కడుపులో నొప్పి లేచిందని చెప్పి బస్సెక్కించాను. నువ్వొక్కడివే అబద్ధాలకోరువి అనుకోకు.

తువ్వాల సంగతికి అంత బాధపడకు. మంచి నూలు. దానితో కస్తూరి ఒళ్లు తుడుస్తున్నాను. గుర్రం చూసేవాడన్నావు, చూసేది నేనే కదా, తప్పేముంది? కాలికి తగిలిన దెబ్బ చిన్నది, డెక్క అంచు తగిలింది, పసుపు కట్టాం.

కస్తూరికి మాత్రం కొత్త అలవాటు వచ్చింది. పెట్రోమాక్స్ వెలుతురు కనబడితే చాలు, వెనక్కి వెనక్కి నడుస్తుంది. ఎడ్లబండి చప్పుడుకు కూడా ఉలిక్కిపడుతుంది. తిట్టి లాభం లేదు. ఒకసారి బెదిరిన చోట దాని మనసు ఇంకా నిలబడి ఉంది. రోజూ కొంచెం నడిపిస్తున్నాను.

పెళ్లైన కొత్త జంట మేనమామ ఇంట్లో మొదటి ముద్ద తినాలి. మీ అత్త తార కోసం చీర తెచ్చి పెట్టింది. శ్రావణంలో వస్తారా అని రోజూ అడుగుతోంది. ఏం చెప్పాలో రాయి.

మామ
సిద్దప్ప

జహీరాబాద్,
11-9-1961

పూజ్యులైన మామకు శరణార్థులు.

శ్రావణంలో రాలేకపోయాం. కచేరీలో సెలవు దొరకలేదని అత్తకు రాశాను. సెలవు ఉంది. తారను తీసుకొని మీ వాకిట్లోకి ఏ ముఖంతో రావాలి? కస్తూరిని గుర్తుపడుతుంది, మిమ్మల్ని గుర్తుపడుతుంది.

ఆమెకు ఇప్పటికే అనుమానం. మొన్న అమ్మ ఏదో మాటకు నవ్వింది. చాలా రోజులకు నవ్వింది. తార గబుక్కున నా వైపు చూసి, "పెండ్లి నాడు గుర్రం పట్టినాయన గూడ గిట్లనే నవ్విండు. మీ అమ్మ లెక్కనే" అంది. నేను వినబడనట్టు బయటికి పోయాను. ఆమె మళ్లీ అడగలేదు. అడిగితే బాగుండు.

ఇప్పుడు ఇంకో ఆపద వచ్చి పడింది. దసరాకు జమ్మి దగ్గరికి నేను గుర్రం మీద రావాలని సంగప్ప గారు కబురు చేశారు. "ఆ గుర్రం పట్టేటోణ్ణి గూడ పిలువు, వాడుంటె ఫికర్ లేదు" అని నాన్నతో అన్నారట. నాన్న నన్ను పక్కకు పిలిచి, ఒక్క సాయంత్రమే కదా, మామకు నచ్చచెప్పు, మనింటి పరువు ఆయన పరువు కాదా అన్నాడు. ఏమని రాయాలో తెలియక రాస్తున్నాను. కస్తూరిని ఒక్కదాన్నే ఎవరి చేతనైనా పంపినా సరే. లేదా మీకు ఏమీ అనిపించకపోతే, మీరే వచ్చినా...

ఈ వాక్యం ఎట్లా ముగించాలో నాకు తెలియలేదు. అట్లాగే వదిలేస్తున్నాను.

మీ
బస్వరాజ్

రాయికోడ్,
19-9-1961

బస్వరాజ్‌కు,

వదిలేసిన వాక్యం నువ్వే పూర్తి చేయి. "మామా, నౌకరుగా రా" అని నీ చేతితో రాసి పంపు. వస్తాను. కస్తూరి పగ్గం పట్టుకుంటాను, దొరకు సలాం చేస్తాను, ఇంకో తువ్వాల ఇస్తే తెచ్చుకుంటాను. నీ కోసం ఒకసారి చేసినవాణ్ణి రెండోసారి చేయలేనా? కానీ ఆ రోజు నోటితో అన్నావు, అది భయంలో వచ్చిన మాట. ఈసారి కూర్చొని, ఆలోచించి, కాగితం మీద రాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నువ్వు కడగకుండానే మళ్లీ తొక్కుతానంటున్నావు.

కాలి సంగతి నేనూ దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. దెబ్బ చిన్నది కాదు. నా కుడి పాదం వేళ్లు రెండు వంకర తిరిగి అతుక్కున్నాయి. రికాబులో పాదం పట్టదు. వైశాఖం నుంచి నేను కస్తూరిని ఎక్కలేదు. నిన్ను బాధ పెట్టొద్దని రాయలేదు. ఇప్పుడు బాధపడాలనే రాస్తున్నాను.

నాకు ఎక్కువ సిగ్గు దేనికో తెలుసా? నువ్వన్నదానికి కాదు. "అవును దొరా" అన్నదానికి. నిన్ను కాపాడుతున్నాననుకున్నాను. మా చెల్లె శివమ్మ ముఖం చూసినప్పుడు తెలిసింది, దాని పుట్టింటిని నేనే నా చేతులతో నేల మీద పరిచానని.

సిద్దప్ప

జహీరాబాద్,
28-9-1961

మామా,

ఆ వాక్యం రాయాలని కూర్చున్నాను. కలం "మామా" దగ్గర ఆగింది, తర్వాతి మాట పడలేదు. లేచి వంటింట్లోకి పోయి తారకు మొత్తం చెప్పాను. రొట్టె చేస్తోంది. రొట్టె మాడిపోయేదాకా విన్నది. "నాకు చెప్పినవ్, మంచిగైంది. ఇగ మా తాతకు చెప్పు. నేను గూడ వస్త, కానీ నువ్వే చెప్పాలె" అంది. తర్వాత ఒక మాట అన్నది. గుర్రం ఉందని తనకెవరూ చెప్పలేదట, తాత అడిగిన సంగతే తెలియదట. నేను ఎవరి కోసం అన్ని అబద్ధాలు ఆడానో ఆమెకు అవి అక్కర్లేదు.

తారా నేనూ పోయేసరికి సంగప్ప గారు కొట్టంలో అల్లం ఆరబోయిస్తున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు. గుర్రం మాది కాదన్నాను. నాకు స్వారీ రాదన్నాను. ఆయన తువ్వాల వేసింది మా అమ్మ అన్న భుజం మీద అన్నాను. ఆయన చేతిలోని అల్లం కొమ్మును తిప్పి తిప్పి చూశారు. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే తేలికయ్యేది.

"సలాం చేసిండు గదా బాబూ, నాకు" అన్నారు చివరికి. "చుట్టంతోని సలాం చేయించుకున్నోణ్ణి అయితిని. నువ్వు గుర్రం లేదంటె పిల్లనియ్యకపోదునా?"

ఆ ప్రశ్నకు జవాబు నేను ఏనాడూ వెతకలేదని అప్పుడు తెలిసింది.

నాన్న నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అమ్మ మాత్రం నిన్న రొట్టె పెడుతూ నా ముఖంలోకి చూసింది.

మామా, మిమ్మల్ని ఇప్పుడు ఒకటి అడుగుతాను. కాదంటే మళ్లీ అడగను. వచ్చే ఆదివారం నేనే రాయికోడ్ వస్తాను, కస్తూరిని నడిపించుకొని తెస్తాను. సంగప్ప గారు కొట్టంలో సగం ఖాళీ చేయిస్తున్నారు. దసరా దాకా కచేరీకి పోయే ముందు, వచ్చిన తర్వాత, నేనే దాన్ని గంజ్‌లో, సడక్ మీద, ఫాటక్ దగ్గర నడిపిస్తాను. నేల మీదే. ఎక్కను. ఎవరిదని అడిగిన ప్రతివాడికీ మా సిద్దప్ప మామది అని చెబుతాను. దసరా నాడు మీరు రావాలి. మీరు ఎక్కాలి. పగ్గం నేను పట్టుకుంటాను.

రికాబులో పాదం పట్టదన్నారు. ఎడమ రికాబు చాలు, కుడి పక్క నేను ఉంటాను.

మీ
బస్వరాజ్

రాయికోడ్,
26-10-1961

చిరంజీవి బస్వరాజ్‌కు మామ సిద్దప్ప దీవెనలు.

కస్తూరి క్షేమంగా ఇల్లు చేరింది. మీ అత్త దానికి దిష్టి తీసింది. నాకు తీయలేదు. "నీకెవరు దిష్టి పెడ్తరు" అంది.

దసరా నాడు నీతో ఎక్కువ మాట్లాడలేదు, అందుకే రాస్తున్నాను. నేను ఎప్పుడూ చేనుకు పోవడానికి గుర్రమెక్కిన వాణ్ణి. ఊరంతా చూస్తుండగా ఎక్కడం అదే మొదలు. పైన కూర్చుంటే ఊరు ఎంత పెద్దగా కనబడుతుందో, అందరి కళ్లూ ముఖం మీదే ఎట్లా ఉంటాయో అప్పుడు తెలిసింది. ఇరవై మూడేళ్ల పిల్లవాడికి అక్కడ నోరు జారదా అనుకున్నాను. నువ్వు చేసింది తప్పు కాదనడం లేదు. పై నుంచి చూశానని చెబుతున్నాను.

సడక్ దగ్గర అదే చోటికి రాగానే కస్తూరి ఆగిపోయింది. నువ్వు పగ్గం వదులు చేసి దాని భుజం పక్కన నిలబడ్డావు. వెనక లారీలు నిలిచిపోయి హారన్లు కొడుతున్నాయి, జనం నవ్వుతున్నారు. రామ్‌కిషన్ టాంగా మీద నుంచి, "ఏం పటేలా, నౌకరైనవా?" అని అడిగాడు. "మా మామ గుర్రం. నేను పట్టుకునేటోణ్ణి" అన్నావు. నీ చెవులు ఎర్రబడటం పై నుంచి కనబడింది. కానీ నీ చేయి దాని మెడ మీద నుంచి కదలలేదు. అది అటు చూసి, ఇటు చూసి, తల దించి తనంతట తనే నడిచింది. ఇన్నేళ్లు గుర్రాలు పెంచాను, ఎవరికైనా ఆ పని అంత బాగా వచ్చిందని చెప్పాలంటే ఇక నీ పేరు చెబుతాను.

సంగప్ప గారి గడప ముందు కంబళి పరిచావు. పెళ్లికొడుకును కాదు కదా, నాకెందుకని అడిగితే, ఆ రోజు దిగాల్సింది దీని మీద అన్నావు. నా వంకర పాదాన్ని రెండు చేతులతో పట్టి దాని మీద పెట్టావు, తల ఎత్తలేదు. సంగప్ప గారు ఆ జరీ రుమాలు తెప్పించి నాకు చుట్టారు. ముసలాయన గట్టిగా చుట్టాడు, తల నొప్పి రెండు రోజులుంది. శివమ్మ పక్కనే నిలబడి నవ్వింది. మీ నాన్న కూడా జమ్మి ఆకు ఇచ్చి, కౌగిలించుకొని అలాయ్ బలాయ్ చేసుకున్నాడు, వెంటనే జనంలో కలిసిపోయాడు. ఆయనకు ఇంకొంచెం టైం పడుతుంది.

తువ్వాల పారేయమంటుంది మీ అత్త. ఆమెకు అన్నీ చెప్పాను. నేను పారేయను. కస్తూరికి దానితో తుడిస్తేనే హాయి.

ఇక అసలు మాట. బస్సు దగ్గర నువ్వు, "మామా, మనసుల ఏం పెట్టుకోలే గదా?" అని అడిగావు. నేను నవ్వి బస్సెక్కాను. నవ్వు జవాబు కాదు. పెట్టుకున్నాను, రాజా. ఒక్కోసారి చేన్లో నడుస్తూ ఉన్నట్టుండి ఆ మాట వినబడుతుంది, కాలు ఆగిపోతుంది. కస్తూరి సడక్ దగ్గర ఆగినట్టే. అయితే అది ఆగింది గానీ వెనక్కి తిరగలేదు, చూశావు కదా. నన్నూ కొన్నాళ్లు ఆగనివ్వు. క్షమించాను అనమని పగ్గం గుంజకు. పక్కన నిలబడు, చాలు.

వచ్చే సోమవారం తారను తీసుకొని రా. అత్త బెల్లం పూర్ణం పెట్టి పోలెలు చేస్తానంది. బస్సు దిగి ఊళ్లోకి నడిచే వస్తారుగా, తారకు మా ఊరు చూపించు.

మామ
సిద్దప్ప